పన్నెండు కుర్చీలు

కోర్టు ఉండబట్టే నిలబడ్డ ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. కౌంటీ సీటు అంటే మన లెక్కలో జిల్లా కేంద్రం. జనాభా చూస్తే మాత్రం చాలాచోట్ల అది మన మండల కేంద్రమంత కూడా ఉండదు. ఊరి నడిమధ్యన కోర్టు, దగ్గర్లో జైలు, చుట్టూ లాయర్ల ఆఫీసులు, బ్యాంకు, మందుల షాపు, నాలుగడుగులు వేస్తే చర్చి. పొలం ఎవరిదో, పెళ్లి చెల్లుతుందో లేదో, మనిషి బతకాలో వద్దో తేలేది అక్కడే. అలాంటి ఊళ్లన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది అలబామా రాష్ట్రంలోని మన్రోవిల్. 2020 జనగణన ప్రకారం అక్కడ ఉన్నది 5,951 మంది.

ఈ ఊరున్న మన్రో కౌంటీ 1815లో ఏర్పడింది. అలబామా రాష్ట్రం ఏర్పడింది 1819లో గనుక రాష్ట్రం కన్నా కౌంటీయే వయసులో పెద్దది. కౌంటీ ఏర్పడటానికి ఏడాది ముందు, 1814లో, యుద్ధంలో ఓడిన క్రీక్ తెగవాళ్ల చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని లాక్కున్న నేల అది. న్యాయస్థానం లేచిందే ఒక అన్యాయం మీద అన్నమాట. మొదట్లో కౌంటీ సీటు అలబామా నది ఒడ్డున ఉన్న క్లెయిబోర్న్. పత్తి ఎగుమతితో వెలిగిన రేవు పట్టణం. 1825లో ఫ్రెంచి వీరుడు లాఫయెట్ వస్తే ఘనంగా స్వాగతం పలికింది. 1832లో కౌంటీ సీటును నదికి దూరంగా, కౌంటీ నడిబొడ్డున ఉన్న చిన్న పల్లెకు మార్చారు. అదే ఇవాళ్టి మన్రోవిల్. క్లెయిబోర్న్ క్రమంగా పాడుబడి పేరుకే మిగిలింది. రేవున్న ఊరు పోయింది, కోర్టున్న ఊరు బతికింది.

ఇలాంటి ఊళ్లో ఒకే మనిషి అనేక పాత్రలు పోషిస్తాడు. ఎ. సి. లీ అనే ఆయన అక్కడ వకీలు, రాష్ట్ర శాసనసభ్యుడు, స్థానిక పత్రిక మన్రో జర్నల్‌కు సంపాదకుడు కూడా. ఆయన 1919లో ఇద్దరు నల్లజాతీయుల తరఫున, తండ్రీకొడుకుల తరఫున, హత్య కేసు వాదించి ఓడిపోయారు. ఇద్దరినీ ఉరితీశారు. 1933లో అదే కౌంటీలో వాల్టర్ లెట్ అనే నల్లజాతీయుడి మీద తెల్లజాతి స్త్రీని బలాత్కరించాడన్న నేరం మోపారు. మరుసటి ఏడాది మరణశిక్ష పడింది. అతను దోషి అన్న నమ్మకం కుదరక కొందరు స్థానికులు గవర్నర్‌కు రాస్తే ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. అతను విడుదల కాలేదు. 1937లో క్షయతో నిర్బంధంలోనే చనిపోయాడు.

ఎ. సి. లీ చిన్న కూతురే హార్పర్ లీ. 1960లో ఆమె రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది. నిర్దోషి అయిన నల్లజాతి యువకుడు టామ్ రాబిన్సన్ కోసం ఆటికస్ ఫించ్ అనే తెల్లజాతి వకీలు నిలబడి, వాదించి, ఓడిపోయే కథ. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలలోని మేకోంబ్ పట్టణానికి నమూనా మన్రోవిల్లే. లీ పక్కింట్లో బంధువుల దగ్గర పెరిగిన ట్రూమన్ కపోటీ కూడా పెద్ద రచయిత అయ్యాడు. 1997లో అలబామా శాసనసభ ఈ ఊరిని రాష్ట్ర సాహిత్య రాజధానిగా ప్రకటించింది.

ఊరి చతురస్రంలో గోపురం మీద గడియారంతో నిలబడ్డ ఎర్ర ఇటుకల పాత కోర్టు 1903 నాటిది. 1963లో పక్కనే కొత్త కోర్టు కట్టారు, విచారణలు అక్కడికి తరలిపోయాయి. పాతది ఇప్పుడు మ్యూజియం. నవల సినిమాగా వచ్చినప్పుడు హాలీవుడ్ వాళ్లు ఈ విచారణ గదిని నమూనాగా తీసుకుని స్టూడియోలో సెట్టు వేసుకున్నారు. గది చుట్టూ పైన బాల్కనీ. నల్లజాతివాళ్లు కింద కూర్చోవడానికి వీల్లేని రోజుల్లో నవలలో ఆటికస్ పిల్లలు టామ్ విచారణ చూసింది అలాంటి బాల్కనీ నుంచే.

1991 నుంచి ఊరివాళ్లే వసంతకాలంలో ఈ నవలను నాటకంగా ఆడుతున్నారు. నటులందరూ స్థానికులే, వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. మొదటి సగం ఆరుబయట పచ్చికలో నడుస్తుంది. విచారణ ఘట్టం మాత్రం పాత కోర్టు గదిలోనే. జ్యూరీ కోసం ప్రేక్షకుల్లోంచి పన్నెండు మంది మగవాళ్లను పిలుస్తారు. అలబామాలో 1966 దాకా ఆడవాళ్లకు జ్యూరీలో చోటు లేదు గనుక ఆ వివరం కాలానికి తగినదే. టికెట్టు కొనుక్కుని వచ్చిన ఆ పన్నెండు మందీ వెళ్లి జ్యూరీ కుర్చీల్లో కూర్చుంటారు. ఆటికస్ వాదన వింటారు. టామ్ ఏ తప్పూ చేయలేదని వాళ్లలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా వాళ్ల పేరున వెలువడే తీర్పు ముందే రాసి ఉంది: నేరస్థుడే.

నవల చదివిన ప్రతివాడూ తనను ఆటికస్‌లో చూసుకుంటాడు. నేనూ అలాగే చదివాను. కానీ ఆ గదిలో ఆటికస్‌కు ఉన్నది ఒక్క కుర్చీ. జ్యూరీకి పన్నెండు. మనలో ఎక్కువ మందికి దొరికేది ఆ పన్నెండింట్లో ఒకటి.

ఆ కుర్చీల కథ నవలతో ఆగలేదు. 1986 నవంబర్‌లో మన్రోవిల్‌లో బట్టలు ఉతికి ఇచ్చే ఒక షాపులో పనిచేస్తున్న 18 ఏళ్ల తెల్లజాతి యువతి హత్యకు గురైంది. నెలలు గడిచినా ఎవరూ దొరకలేదు. ఊరు భయంతో, కోపంతో ఉంది. 1987 జూన్‌లో కలప కొట్టుకుని బతికే నల్లజాతీయుడు వాల్టర్ మెక్‌మిలియన్‌ను అరెస్టు చేశారు. హత్య జరిగిన పూట ఆయన ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్ముతూ బంధుమిత్రుల మధ్య ఉన్నాడు. చూసినవాళ్లు ఎందరో ఉన్నారు, అందరూ నల్లజాతివాళ్లు. వాళ్ల మాట చెల్లలేదు. విచారణ మొదలవక ముందే ఆయన్ని మరణశిక్ష ఖైదీలుండే జైల్లో పెట్టారు. 1988లో కేసును తెల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే బాల్డ్విన్ కౌంటీకి మార్చి, ఒకటిన్నర రోజులో ముగించారు. జ్యూరీలో ఒక్కరు తప్ప అందరూ తెల్లవాళ్లే. నేరస్థుడన్నారు గానీ శిక్ష దగ్గరికి వచ్చేసరికి ఏడుగురు యావజ్జీవం చాలన్నారు. జడ్జి వాళ్లను కాదని మరణశిక్ష వేశారు. న్యాయవాది బ్రయాన్ స్టీవెన్‌సన్ ఏళ్ల తరబడి పోరాడి, సాక్ష్యం అబద్ధమని, అనుకూల ఆధారాలను తొక్కిపెట్టారని నిరూపించాక, 1993 మార్చి 2న మెక్‌మిలియన్ బయటికొచ్చాడు.

ఆయన ఇంకా మరణశిక్ష ఖైదీగా ఉండగానే ఆ నాటకం మొదలైంది. ఇది చదివినవాళ్లు ఊరిది కపటం అనేసి ఊరుకోవచ్చు. నేను అలా అనలేను. ఆ నటులకు కథ మీద ప్రేమ నిజం, ప్రేక్షకుల కన్నీళ్లూ నిజమే. చిక్కు మరోచోట ఉంది. ఎప్పుడో జరిగిన అన్యాయానికి పేరు పెట్టి, తీర్పు చెప్పి, మన చేతికిచ్చేస్తారు. దాన్ని అసహ్యించుకోవడానికి మనం పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇవాళ్టి అన్యాయం మాత్రం న్యాయం వేషంలోనే గుమ్మం తొక్కుతుంది. చనిపోయిన పిల్ల తల్లిదండ్రుల దుఃఖం, ఎవరో ఒకరు దొరికితే చాలన్న ఆత్రం, ఫలానావాడు అలాంటివాడేనట అన్న గుసగుస, అన్నీ కలిసి వస్తాయి. అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్లో ఆ గుసగుసకు బలం ఎక్కువ. మనిషిని ఎరుగుదుమన్న ధీమాతో సాక్షిని వినడం మానేస్తాం.

కథలు వృథా అని నా ఉద్దేశం కాదు. జాలి పుట్టించడం కథ పని, అది చేసింది. మిగతాది ఓపికగా వినేవాళ్లు, చట్టం మార్చేవాళ్లు చేయాలి. జ్యూరీ యావజ్జీవం చాలన్నా జడ్జి మరణశిక్ష వేసే అధికారాన్ని అలబామా 2017లో రద్దు చేసింది. అంతకుముందు అలా శిక్ష పడ్డవాళ్లకు మాత్రం ఆ చట్టం వర్తించలేదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ల ఇళ్లకు కూడా కౌంటీ నుంచి జ్యూరీ డ్యూటీ ఉత్తరాలు వస్తాయి. పని ఒత్తిడి ఉందనో, ప్రయాణం ఉందనో తప్పించుకునే దారి వెతకాలనిపిస్తుంది. దయచేసి వెతక్కండి. వెళ్లి ఆ కుర్చీలో కూర్చోండి. సాక్షి ఏ రంగువాడైనా, ఏ యాసలో మాట్లాడినా, చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.