పోయినవాళ్ళు పలికే చోట

తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల ఇంటి పెద్ద కన్నుమూశాక కొందరు సోదికి వెళ్తారు. ఎరుకలసాని చేటలో బియ్యం పోయించుకుని, దీపం ముందు కర్ర పట్టుకుని దేవతలను పేరుపేరునా పిలుస్తుంది. కాసేపటికి గొంతు మారుతుంది. ఇక పలికేది ఆమె కాదు, పోయిన మనిషి. కొడుకు పట్టించుకోలేదంటాడు, తీరని బాకీ గుర్తుచేస్తాడు, ఇష్టమైన తిండి అడుగుతాడు. వినేవాళ్ళు ఊకొడుతూ ఏడుస్తారు.

పోయినవాళ్ళను ఇలా అడగడం మన దగ్గరే పుట్టిందేమీ కాదు. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో చైనాను ఏలిన షాంగ్ రాజు ఊ డింగ్‌కు పంటినొప్పి వస్తే, అది ఏ పితరుడి ఆగ్రహమో అని ఒక్కొక్కరి పేరూ చెప్పి అడిగించారు. ఎద్దు భుజం ఎముకకో తాబేలు డిప్పకో వెనక గుంటలు తొలిచి, నిప్పు తగిలిస్తే ముందువైపు చిట్లుతుంది. ఆ పగులే జవాబు. అడిగిన ప్రశ్నను ఆ ఎముక మీదే చెక్కేవారు. 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు ఈ రాతలను గుర్తించాడు. ఆ ఎముకలు దొరికిన ఆన్యాంగ్‌లో 1928 నుంచి తవ్వకాలు సాగాయి.

కొన్ని ఎముకల మీద ఆ తర్వాత జరిగింది కూడా ఉంది. రాణి ఫూ హావో కాన్పుకు రాజు మంచి రోజులు చెప్పాడు. 31వ రోజున, ఆయన చెప్పని రోజున, కాన్పయింది. శుభం కాలేదు, ఆడపిల్ల అని చెక్కారు. (ఈ చివరి మాట వినడానికి ఆన్యాంగ్ దాకా పోనక్కర్లేదు.)

తైవాన్ గుళ్ళలో నేటికీ నెలవంక ఆకారపు చెక్కల జతను నేలమీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనని. రెండూ చదునువైపు పైకి పడితే దేవుడు నవ్వాడని, మళ్ళీ అడగాలి.

జవాబు ఎవరిది అన్నదే అసలు చిక్కు. చెక్కకు, ఎముకకు అడిగినవాడి ముఖం కనబడదు. సోదిలో మనిషే పనిముట్టు. ఆమె ఎదుటివాళ్ళ ముఖం చూసి, మాట లాగి చెబుతుందని హేతువాదులంటారు. నిజమే కావచ్చు. అయితే బతికున్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనలేని మాటలు అక్కడ బయటపడతాయి. ఆన్యాంగ్ రాతగాళ్ళలా సోది పలుకులను రాసిపెట్టి తర్వాత సరిచూసుకునేవాళ్ళు అరుదు. ఇంటికొచ్చి పోయినాయన అడిగిన కల్లో, కొత్త పంచో పెడతారు. అన్నదమ్ములు బాకీ ఎవరు కట్టాలో తేల్చుకుంటారు.