సూది మనది, వేలు ఎవరిది?

రోజూ రెండుపూటలా ఇన్సులిన్ పొడిపించుకుంటూ కూడా, డెబ్భై దాటిన మా అత్తగారికి సూదంటే ఈనాటికీ భయమే. పోయిన చలికాలంలో జ్వరం తగ్గక ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి రెండుగంటలకి రక్తం తియ్యడానికి నర్సమ్మాయి వచ్చింది. నిండా పాతికేళ్ళుండవు. “చీమ కుట్టినట్టుంటుంది మామ్మగారూ, అంతే” అంటూ పని కానిచ్చింది. తీరా సూది బయటికి తీస్తుండగా అత్తగారు ఉలిక్కిపడి చెయ్యి విదిల్చారు. ఆ సూది కాస్తా వెళ్ళి ఆ పిల్ల చూపుడువేల్లో దిగింది.

“అబ్బా” అని కూడా అనలేదు. సూదిని డబ్బాలో పడేసి, గ్లవ్ విప్పేసి, కుళాయి కింద సబ్బుతో వేలు కడుక్కుంది. మనమైతే పిండుతాం, లేకపోతే నోట్లో పెట్టుకుంటాం. ఆ రెండూ కూడదట.

పావుగంటకి డ్యూటీ డాక్టరుని వెంటబెట్టుకొచ్చింది. “పెద్దావిడ రక్తం హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలకి పంపాలి. ఒప్పుకుంటే బాగుంటుంది” అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. కార్తీకమాసం నెల్లాళ్ళూ చన్నీళ్ళ స్నానం చేసే మా అత్తగారికి హెచ్.ఐ.వి. పరీక్షా! “మాది అలాంటి ఇల్లు కాదండీ” అనేశాను. మా వారు గోడకేసి చూస్తూ నిలబడ్డారు. అంటే నా మాటే ఆయన మాటన్నమాట. “బలవంతం లేదమ్మా” అన్నాడు డాక్టరు. నిజమే. మనదేశంలో 2017లో వచ్చిన చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. పరీక్షకి రోగి అంగీకారం కావాలి.

రోగి అంగీకారం! కోడలిది కాదు. నిద్రపోతున్నారనుకున్న అత్తగారు కళ్ళు తెరిచి, “అడగవలసింది నన్ను గదుటే?” అన్నారు. “సూది కోసం సోదికి వెళితే ఏవేవో బయటపడ్డాయని సామెత. నా దగ్గర బయటపడేందుకేముంది? ఒకవేళ ఉన్నా, ముందు ఆ పిల్ల సంగతి చూడండి. చెయ్యి విదిల్చింది నేనూ, వేలు పోగొట్టుకున్నది అదీనా? తీసుకో తల్లీ!”

నా “వద్దు” వల్ల ఆ అమ్మాయికి ఏమయ్యేదో తర్వాత తెలుసుకున్నాను. ఎవరి రక్తమో తెలిసీ, అందులో ఏముందో తెలియకపోతే, మందులు వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు మింగాలి. కడుపులో తిప్పినా మింగాలి. రోగికి ఏమీ లేదని తేలితే ఆ మందులు మానెయ్యొచ్చు.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ సూది గుచ్చుకుంటే అది అంటుకునేది వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి. ఇంతేనా అనిపించింది నాకు. కానీ ఆ ముగ్గురిలో తనుందేమోనని వెయ్యిమందికీ నిద్రపట్టదు గదా! టీకా వేయించుకోని వాళ్ళకి హెపటైటిస్ బి అంతకన్నా ఎన్నోరెట్లు సులువుగా అంటుతుంది. ఆ టీకాని 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ మనదేశంలోనే తయారుచేసి చవకగా అందించింది. హెపటైటిస్ సి కి మందులున్నాయి గాని టీకా లేదు.

“ఆ ఉద్యోగం అలాంటిదే, జీతం తీసుకోవడం లేదూ?” అంటారేమో. జీతం పనికి, ప్రాణానికి కాదు. టీకా వేయించడం, గట్టి డబ్బాలు పెట్టడం, గుచ్చుకుందని చెప్పిన పిల్లని తిట్టకుండా వైద్యం చేయించడం ఆస్పత్రి బాధ్యత. తిడతారన్న భయంతో చెప్పకుండా దాచుకునే పిల్లలూ ఉంటారు. కానీ ఆస్పత్రి చెయ్యవలసినవన్నీ చేసినా, రోగి చెప్పవలసిన “సరే” ఒకటి మిగిలే ఉంటుంది.

వద్దనే హక్కు చెడ్డదని నేననను. ఆ జబ్బు పేరు బయటపడి ఉద్యోగాలూ, అయినవాళ్ళూ దూరమైన మనుషుల కోసం పుట్టిన హక్కది. పరీక్షలో ఏం తేలినా గుట్టు కాపాడవలసిన బాధ్యత ఆస్పత్రిది. అయితే నేను “వద్దు” అన్నది భయంతో కాదు, పరువు కోసం. నా పరువుకి వెల ఆ పిల్ల 28 రోజులు కట్టాలా? హక్కు ఉన్నంతమాత్రాన దాన్ని ప్రతిచోటా వాడుకోవడం ధర్మమవుతుందా? ఎప్పుడు “సరే” అనాలో చట్టం చెప్పదు. ఆ పని మన మనసుకి వదిలేసింది.

ఇలా గుచ్చుకున్న వేళ్ళకి మన ఆడవాళ్ళం ఎంత ఋణపడ్డామో 1847 నాటి వియన్నా కథ చెబుతుంది. అక్కడ కొల్లెచ్కా అనే వైద్యుడికి శవపరీక్షలో విద్యార్థి చేతి కత్తి వేలికి గుచ్చుకుంది. కొద్దిరోజుల్లోనే పోయాడు. పురిటిజ్వరంతో పోతున్న బాలింతల ఒంట్లో కనిపించే లక్షణాలే ఆయన ఒంట్లోనూ కనిపించాయని మిత్రుడు సెమ్మెల్వైస్ కనిపెట్టాడు. శవాలు కోసిన చేతులతోనే పురుళ్ళు పోస్తున్నారని గ్రహించి, క్లోరిన్ నీళ్ళతో అందరిచేతా చేతులు కడిగించాడు. ఏప్రిల్లో నూటికి 18 దాకా ఉన్న బాలింత మరణాలు జూన్‌కల్లా రెండుకి దిగాయి. ఆ తల్లులంతా ఒక డాక్టరు వేలికి బాకీ పడ్డారు.

తెల్లారేసరికి ఫలితాలు వచ్చాయి. ఏమీ లేదు. “ఇవాళ నిద్రపోతాను మామ్మగారూ” అని ఆ అమ్మాయి నవ్వుతూంటే నేను ఫ్లాస్కు కడిగే నెపంతో వరండాలోకి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చిన రోజే అత్తగారు ఒక దళసరి ప్లాస్టిక్ డబ్బా తెప్పించి, దానిమీద నాచేత “సూదులు” అని పెద్దక్షరాలతో రాయించారు. వాడిన సూదుల్ని మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పజెప్పాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉందట. ఇన్నేళ్ళూ నేను వాటిని కాగితంలో చుట్టి కూరగాయల తొక్కులతో పాటు పారేశాను.

“చెత్తబండి లక్ష్మి ఉత్త చేతులతో ఏరుతుందే” అన్నారు అత్తగారు. “దానికి గుచ్చుకుంటే ఎవరి రక్తమని వెళ్ళి అడుగుతుంది?”