సహనం బోధించే ముందు

భర్త కొట్టాడని ఒక సోదరి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే చాలాసార్లు ఎదురయ్యే మొదటి ప్రశ్న, “ఇంట్లో పెద్దమనుషులు లేరా?” తర్వాత కౌన్సెలింగ్ అంటారు. ముస్లిం కుటుంబమైతే మస్జిదు పెద్దలకూ, మావంటి మౌల్వీలకూ కబురు వస్తుంది. చొప్పదండి చుట్టుపక్కల అలాంటి పంచాయితీల్లో మేమూ కూర్చున్నాం. రాజీ కాగితం మీద సంతకాలు చేయించి, “సబ్ర్ చెయ్యమ్మా” అని ఆమెను అదే ఇంటికి పంపాం. పుణ్యకార్యం చేశామనుకుని హాయిగా నిద్రపోయాం కూడా.

దైవప్రవక్త (స) ఇలాంటి ఫిర్యాదును ఎలా విన్నారో చూడండి. హజ్రత్ హబీబా బిన్తె సహల్ (రజి)ను భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి) కొట్టగా ఆమె శరీరంలో ఒకచోట విరిగిందని అబూదావూద్ హదీసులో ఉంది. ఫజర్ వేళ ఇంకా చీకటి ఉండగానే ఆమె ప్రవక్త (స) గుమ్మం దగ్గర నిలబడి ఉందని ఇమామ్ మాలిక్ ‘ముఅత్తా’ తెలుపుతుంది. ఎవరని అడిగారు, ఏమైందని అడిగారు. ఇంటి గుట్టు ఎందుకు బయటపెట్టావని అడగలేదు. సాబిత్ (రజి) సామాన్యుడు కాడు, అన్సార్ల వక్త. అయినా ఆయన హోదా ఆ ఫిర్యాదును తేలిక చేయలేదు. ప్రవక్త (స) ఆయన్ను పిలిపించి, మహర్‌గా ఇచ్చిన తోటలు తిరిగి తీసుకుని ఆమెను విడిచిపెట్టమన్నారు. ఆమె పుట్టింటికి చేరింది.

ఖుర్ఆన్ రాజీని మేలన్నది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, నిసా సూరా 35వ ఆయతు ఇరువైపుల నుంచి చెరొక మధ్యవర్తిని పెట్టమంటుంది. కాని అది భార్యాభర్తల మధ్య విభేదం వచ్చినప్పటి మాట. కొట్టినవాడికీ దెబ్బలు తిన్న ఆమెకూ మధ్య ఉన్నది విభేదమా, జుల్మా? ఈ ప్రశ్న మేం ఆ పంచాయితీల్లో వేసుకోలేదు. సబ్ర్ గొప్ప గుణమే. అయితే అది బాధపడేవారు తమకై తాము ఎంచుకునేది. ఇంకొకరి వీపు మీది దెబ్బలకు మనం సబ్ర్ ప్రకటిస్తే, జాలిమ్‌కు వెసులుబాటు ఇచ్చినట్లే. దౌర్జన్యపరుడైన సోదరునికీ సహాయం చేయమన్న ప్రవక్త (స), ఆ సహాయమంటే అతన్ని దౌర్జన్యం నుంచి ఆపడమేనని వివరించారు.

చట్టమూ పోలీసులను మధ్యవర్తులుగా నిలబెట్టలేదు. 1983లో వచ్చిన 498ఏ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ ఉంది. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం, రక్షణ ఉత్తర్వు కోరవచ్చనీ, ఉచిత న్యాయ సహాయం ఉందనీ, క్రిమినల్ కేసు పెట్టవచ్చనీ పోలీసు అధికారి ఆమెకు చెప్పి తీరాలి. తప్పుడు ఫిర్యాదులు ఉండవా? ఉండవచ్చు. అవి విచారణలో తేలతాయి. వినకుండా తిప్పిపంపితే ఏమీ తేలదు.

మేం సంతకం పెట్టిన రాజీల్లో ఒక సోదరి ఏడాది తిరగకముందే చేతికి కట్టుతో మళ్లీ స్టేషన్‌కు వచ్చింది. మాకు కబురు పెట్టారు. ముందు ఆమె ఫిర్యాదు రాసుకోండి, మేం తర్వాత వస్తామని చెప్పాం.