అన్నమును అంతఃకరణమును

కోపము వచ్చినప్పుడు మనము ఇతరుల దోషములను వెదకుదుము; దుఃఖము కలిగినప్పుడు దైవమును నిందింతుము; కాని భుజించిన యన్నము జీర్ణమైనదో లేదో విచారించుకొనువారు అరుదు. ఒకనాటి సాయంకాలమున నేను మా యింట వంటచేయు వృద్ధురాలిని, పులుసులో ఉప్పు హెచ్చైనదను స్వల్పకారణముచే, నలుగురు వినుచుండగా కఠినముగా మందలించితిని. ఆమె మారుమాటాడక కన్నులు తుడుచుకొని లోపలికి పోయెను. అప్పటికి మూడు దినములనుండి నాకు అజీర్ణము. రాత్రులు నిద్ర లేదు. దేహము తేలికపడిన పిమ్మట ఆమె తప్పు ఆవగింజంతయు, నా మాటలు కొండంతయు తోచెను. అప్పుడు నాలో నొక ప్రశ్న పుట్టెను: ఆ మాటలాడినది నేనా, నా జఠరమా? జఠరమే యైనచో నేను క్షమాపణ కోరవలసిన పని యేమి?

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను ధర్మవిచారమునకు మూలమైనది. మన పూర్వులు దీని నెరుగనివారు కారు. పండ్రెండేండ్లు గురుకులమున చదివి గర్వముతో ఇల్లు చేరిన శ్వేతకేతువును, తండ్రియగు ఉద్దాలకుడు పదునైదు దినములు జలము మాత్రము త్రాగి యుండుమని యాజ్ఞాపించినట్లు ఛాందోగ్యోపనిషత్తునందు గలదు. గడువు తీరిన పిమ్మట వేదములను వల్లింపుమనగా, కుమారునకు ఒక్క మంత్రమైనను స్ఫురింపలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదెల్ల చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని తండ్రి అతనికి అనుభవపూర్వకముగా తెలియజేసెను. మన తెలుగువారును అసూయను కడుపుమంటయనియు, పుత్రశోకమును కడుపుకోతయనియు చెప్పుదురు. ఇతరుల తప్పు నోర్చుకొనుటను కడుపులో పెట్టుకొనుట యందురు.

ఇక శాస్త్రజ్ఞుల మాట వినుడు. 1822వ సంవత్సరమున ఉత్తర అమెరికాలోని మాకినాకు ద్వీపమున అలెక్సిసు సెయింటు మార్టిను అను యువకునకు తుపాకి దెబ్బ తగిలి, గాయము మానినను జఠరమున కొక రంధ్రము నిలిచిపోయెను. విలియము బోమాంటు అను సైనికవైద్యుడు ఆ రంధ్రముగుండ పెక్కేండ్లు జీర్ణక్రియను పరిశీలించి 1833లో గ్రంథము ప్రకటించెను. భయముగాని కోపముగాని కలిగినప్పుడు జఠరపు లోపలిపొర ఒకప్పుడు ఎఱ్ఱబడి యెండుటయు, మఱియొకప్పుడు పాలిపోవుటయు అతడు కన్నులార చూచెను. మనస్సు జఠరమును కలచునని ఇందువలన తేలినది.

జఠరము మనస్సును కలచుటయు నట్లే నిజము. ప్రేగుల గోడలయందు కోట్లకొలది నాడీకణములు గలవు. మెదడునకును ఉదరమునకును నడుమనున్న వేగస్ నాడిలోని తంతువులలో అధికభాగము ఉదరమునుండి మెదడునకు వార్తలు గొనిపోవునవియే. సిరటోనిను అను ద్రవ్యములో నూటికి తొంబది పాళ్లు ప్రేగులయందే పుట్టుచున్నది. అయినను అది నేరుగా మెదడులో ప్రవేశింపదు. ప్రేగులలో సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలు నిర్బంధించినప్పుడు సాధారణపు ఎలుకలకంటె హెచ్చుగా కలతచెందునని జపానుదేశపు పండితులు 2004లో ప్రకటించిరి. ఆస్ట్రేలియాలో మనోవ్యాకులత గల 67 మందిని రెండు తెగలుగా చేసి, ఒక తెగవారికి పండ్లు, కూరగాయలు, పప్పులు, చేపలు గల యాహారమును గూర్చి ఉపదేశించిరి. రెండవ తెగవారితో స్నేహభావమున సంభాషించిరి. 12 వారములు గడచునప్పటికి మొదటి తెగలో నూటికి 32 మందియు, రెండవదానిలో 8 మందియు వ్యాధినుండి తేరుకొనిరని 2017లో ప్రకటింపబడెను.

అయినను తొందరపడరాదు. ఆ పరీక్ష కొలదిమందితో జరిగినది. ఎలుకల భయమును తగ్గించిన సూక్ష్మజీవి యొకటి, ఆరోగ్యవంతులైన మనుష్యులయందు పరీక్షింపగా ఏ ఫలమును చూపలేదు. కావున చూర్ణములమ్ము వర్తకుడు శాంతిని సీసాలో పోసి యిచ్చెదనన్నచో నమ్మవలదు.

ఇప్పుడు నా ప్రశ్నకు వత్తును. 1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 36 మంది యువకులు తమంతట తాము అర్ధాహారవ్రతమునకు పూనుకొనిరి. వారు అంతరాత్మ యొప్పక ఆయుధము పట్టనివారు. యుద్ధమువలన కరవుపాలైనవారికి ఉపకరింపవలెనని ముందునకు వచ్చినవారు. 24 వారముల అర్ధాకలి వారిని చిరచిరలాడువారిని జేసెను, స్నేహములు చేదయ్యెను, తలపులన్నియు అన్నముచుట్టే తిరిగెను, కొందరు నియమము తప్పి రహస్యముగా తినిరి. అట్టి ధర్మనిష్ఠులే యట్లు చలించినచో, దినమంతయు ఆకలితో నుండు పేదవాడు ఒక పరుషవాక్యమాడెనని మనమెట్లు నిందింపగలము? నిండు కడుపుతో మనము చూపు శాంతములో ఎంతపాలు మన శీలమో, ఎంతపాలు మన భోజనమో యెవరు చెప్పగలరు?

ఇందువలన బాధ్యత నశించెనని కొందరందురు. నా యభిప్రాయమట్లు కాదు. కారణము తెలిసినచో బాధ్యత తొలగిపోదు, ముందునకు జరుగును. మాట జారిన క్షణమున నేను బలహీనుడనై యుండవచ్చును. కాని ఆకలి లేకుండ తినుట, నిద్ర మానుట, దేహము కలతపడినదని తెలిసియు తీర్పు చెప్పుటకు కూర్చుండుట నా చేతిలోని పనులే. కావున ఈ జ్ఞానమును తనయెడల నొకరీతిగను, పరులయెడల నొకరీతిగను వాడుకొనవలెను. పరుడు కసరినప్పుడు, పాపము, అతని కేమి బాధయో యని తలంపవలెను. తాను కసరినప్పుడు జఠరమును సాక్షిగా పిలువరాదు.

మఱియొక హెచ్చరిక. మనోవ్యాధి పీడితుని చూచి, నీవు సరిగా తినకపోవుటచేతనే ఇట్లైతివని నిందించుట క్రౌర్యము. పూర్వము కడుపులోని పుండునకు రోగియొక్క చింతయే కారణమని వైద్యులు చిరకాలము నమ్మిరి. పెక్కు పుండ్లకు మూలమొక సూక్ష్మజీవియని ఆస్ట్రేలియా వైద్యులగు వారెను, మార్షలు కనుగొని 2005లో నోబెలు బహుమానము పొందిరి. అంతవరకు ఎందరు రోగులు తమ స్వభావమునే నిందించుకొనిరో!

నేను ఆ వృద్ధురాలికడకు పోయి, “అమ్మా, తప్పు నాది. నలుగురిలో నిన్ను నొప్పించితిని, క్షమింపుము” అంటిని. ఆమె, “మీ ఒంట్లో బాగుండలేదని నాకు తెలియదా బాబూ! అందుకే మరునాటినుంచి చారు పలచగా కాస్తున్నాను” అనెను. నేను గ్రంథములలో వెదకినదానిని ఆమె అప్పటికే ఆచరించుచుండెను.

సోదరులారా! పరుల మనస్సును దిద్దబోవుటకు ముందు వారి కడుపు నిండినదో లేదో అడుగుడు. కోనసీమలో గోదావరీతీరమున డొక్కా సీతమ్మగారు ఏ యుపన్యాసమును చేయలేదు, అన్నము పెట్టిరి. మన సంస్కరణము అచ్చటనుండి ఆరంభమగుగాక!