లంచం పట్టని బొమ్మ

పాతబస్తీకి చుట్టాలొస్తే లాడ్ బజారులో గాజుల బేరం అయ్యాక సాలార్‌జంగ్ మ్యూజియం తప్పదు గదండీ! అక్కడ మ్యూజికల్ క్లాక్ ముందు ఎప్పుడూ జనమే. వేళయ్యేసరికి లోపల్నుంచి బుల్లి మనిషి బొమ్మ వస్తుంది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది.

ఎంత నికార్సయిన ఉద్యోగి! "రేపు రండి" అనడు. పన్నెండుకి పదమూడు కొట్టమని ఎంత చెయ్యి తడిపినా కొట్టడు. ఇలాంటి వాళ్ళనే ఆఫీసుల్లోనూ, అసెంబ్లీలోనూ కూర్చోబెడితేనో?

ఈ ఊహ కొత్తదేం కాదు. ఐజాక్ అసిమోవ్ 1946లో 'ఎవిడెన్స్' అనే సైన్సు కథ రాశాడు. ఎన్నికల్లో నిలబడ్డ ఓ పెద్దమనిషి అసలు మనిషే కాదు, మరమనిషి అని పుకారు పుడుతుంది. అయితేనేం, పాలనకి మరమనిషిని మించినవాడు ఎవరని అందులో సూసన్ కాల్విన్ అనే ఆవిడ వాదన. ఆ కథ సగం నిజమైంది కూడాను. 2025 సెప్టెంబరులో అల్బేనియా ప్రధాని ఎడి రామా, టెండర్లలో అవినీతి ఉండకూడదని 'డియెల్లా' అనే కంప్యూటర్ మంత్రిని ప్రకటించారు. తెరమీద కనిపించేది ఆడరూపం. ఆడవాళ్ళైతే లంచం ముట్టరని నమ్మకం కాబోలు!

మనమూ తక్కువ తినలేదు. 1998లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పేరుతో కంప్యూటర్లొచ్చాయి. 2001లో 'ఈ-సేవ' వచ్చింది. కరెంటు బిల్లుకో క్యూ, నీళ్ళ బిల్లుకో క్యూ తప్పాయి. ఆ మేలు చిన్నది కాదు. కానీ సబ్‌రిజిస్ట్రార్లు ఏసీబీకి చిక్కిన వార్తలు ఆ తర్వాతా చదువుతూనే వచ్చాం. యంత్రం లెక్క తప్పదు. కానీ కాగితం ఇవాళ తీసుకోవాలా, రేపు తీసుకోవాలా అనేది మనిషి చేతిలోనే ఉండిపోయింది.

పోనీ, మనిషిని పూర్తిగా తప్పిద్దామా? రేషను దుకాణంలో దొంగలెక్కలు ఆపాలని వేలిముద్ర యంత్రం పెట్టారు. మంచిదే. కానీ జన్మంతా అంట్లు తోమి వేళ్ళు అరిగిపోయిన ముసలమ్మ ముద్ర దానికి ఆనదు. "ఈవిడ మా వీధి ఆవిడే, బియ్యం ఇవ్వండి" అనడం యంత్రానికి చేతకాదు. లంచం పట్టని చేతికి జాలీ పట్టదు మరి.

గడియారంలో బొమ్మది నిజాయితీ అని నేననుకోను. దానికి ఆశ లేదు, అవసరం లేదు. పుచ్చుకోగలిగి కూడా వద్దన్నవాడిదే నిజాయితీ. మనకి కావలసింది ఆ మనిషి.

లంచాన్ని మనవాళ్ళు 'మామూలు' అంటారు. మామూలంటే అలవాటు, రివాజు. ఆ అలవాటు ఆఫీసులోనే పుట్టిందంటారా? పెళ్ళిచూపుల్లో "జీతం సరే, పైన ఎంతొస్తుంది?" అని మెల్లిగా ఆరా తీసేదెవరు? ఆ పై రాబడితో చేయించిన వంకీలు చూసి "మహా అదృష్టవంతురాలు" అనేదెవరు?

ఆ ప్రశ్న మాన్పించే యంత్రం నాకు తెలిసి ఏ సైన్సు కథలోనూ లేదు. అడిగే నోరు మనదే. మానేసే నోరూ మనదే కావాలి.