బోధకుడును పోషకుడును

విద్య నేర్పువాడు ఆ విద్యకు వలసిన సామగ్రిని అమ్ముకొనువానియొద్ద ద్రవ్యము గ్రహింపవచ్చునా? గ్రహించినయెడల ఆతని మాటను శిష్యుడెంతవఱకు నమ్మవచ్చును? గురువు సత్యవంతుడైనచో ధనమేమి చేయగలదని కొందఱందురు. ధనము ముట్టినంతనే సత్యము చెడునని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును తొందరపడి పలికినవే యని మాకు తోచుచున్నది. ఇందులకు దృష్టాంతముగా అమెరికాదేశమున టెలివిజనుమీద సాగిన వడ్రంగపు బోధనను గైకొందము.

బోస్టను నగరమందలి ప్రజాప్రసారకేంద్రము 1989 మొదలు 2009 వఱకు ‘న్యూ యాంకీ వర్క్‌షాప్’ అను కార్యక్రమమును నడపినది. దానిని నిర్మించినవాడు రస్సెల్ మోరాష్. అందు పని నేర్పినవాడు నార్మ్ ఏబ్రమ్ అను వడ్రంగి. ఆతడు తన కర్మశాలలో నిలువబడి ఒక బల్లనో, బీరువానో, కుర్చీనో మొదటినుండి తుదివఱకు చేసి చూపుచుండెను. యంత్రములతో జాగ్రత్తగా మెలగుడనియు, కన్నులకు రక్షణగా అద్దములు ధరించుట మఱువవలదనియు పని ప్రారంభమున హెచ్చరించుచుండెను. ఇటీవల మేము కొన్ని పాతభాగములు చూచితిమి. ఆతని మాటలో ఆడంబరము లేదు. చేతిలో తొట్రుపాటు లేదు. అట్టి గురువు దొరకుట శిష్యుని భాగ్యమే.

ఆ కార్యక్రమమునకు డెల్టా, పోర్టర్-కేబుల్ అను యంత్రసాధనముల కంపెనీలు ద్రవ్యసహాయము చేసినవి. ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు. ప్రసారమునకు సొమ్ము ఇచ్చినవా రెవరో శ్రోతలకు తెలుపవలయునని అమెరికా శాసనము విధించుచున్నది. ప్రజాప్రసారకేంద్రములు దాతల పేళ్లు చెప్పవచ్చును గాని సరకు ధర చెప్పరాదు, ఇతరుల సరకుతో పోల్చి పొగడరాదు, కొనుడని ప్రేరేపింపరాదు. నియమము మంచిదే. అయినను నియమము కాపాడినది మాటను మాత్రమే. చూపును కాపాడుట నియమమువలన కాలేదు.

ఆ కర్మశాలను తలచుకొనుడు. బల్లలో బిగించిన రంపము, చిత్రికపట్టు యంత్రము, అంచులు తీర్చు యంత్రము, గాలిబలముతో మేకులు దిగగొట్టు తుపాకివంటి సాధనము, అన్నియు వరుసగా ఉన్నవి. ఇంటి వసారాలో ఒక చేతిరంపము, రెండు ఉలులు గల గృహస్థు ఇది చూచి ఏమనుకొనును? వడ్రంగము కొయ్యతో గాక అంగడిలో ప్రారంభమగుననుకొనును. ఎవరును అసత్యమాడలేదు. ఆ యంత్రములు నిజముగనే మంచి పని చేయును. కాని ‘ఈ యంత్రము లేనివాడు ఈ పని ఎట్లు చేయవలయును?’ అను ప్రశ్న అచ్చట పుట్టుటకే చోటు తక్కువ. ఏబ్రమ్ ధనమునకై తన మాట మార్చెనని మేమనుట లేదు; అట్లనుటకు ఆధారమును లేదు. పోషకుని ధనము గురువుచే అబద్ధము చెప్పింపనక్కఱలేదు. గురువు అడుగవలసిన ప్రశ్నను అడుగకుండ చేసిన చాలును.

ఉత్తర కరొలైనా రాష్ట్రమున 1979లో ‘వుడ్‌రైట్స్ షాప్’ అను మఱియొక కార్యక్రమము ప్రారంభమైనది. అందు రాయ్ అండర్‌హిల్ విద్యుత్తు లేని చేతిసాధనములతోను, కాలితో త్రొక్కి త్రిప్పు తరిమెనపట్టెతోను పని నేర్పెను. దానికి పెక్కేండ్లు తోడ్పడినది స్టేట్ ఫారమ్ అను బీమాసంస్థ. చూచువాడు ఉలి కొన్నను కొనకున్నను బీమాసంస్థకు వచ్చునది లేదు, పోవునది లేదు. దాతకును పాఠమునకును నడుమ అంత దూరమున్నప్పుడు గురువునకు ఊపిరి తీసికొనుటకు చోటుండును. చేతిసాధనములన్నియు చవుకయనిగాని, వానియందు మోజు పుట్టదనిగాని మా యభిప్రాయము కాదు. దానము పడిన చోటు వేఱని మాత్రమే మా మాట.

పోషణ లేక విద్య యెట్లు నిలుచునని చదువరులడుగవచ్చును. మన ప్రబంధకవులు రాజుల యన్నము తినలేదా? తినిరి. కాని కృతిభర్త పేరు గ్రంథపు మొదటనే యుండెడిది. పొగడ్త ఎవరి సొమ్మునకు బదులో వినువాడెఱుగును. అంతకన్న ముఖ్యమైన భేద మొకటి కలదు. కావ్యము చదివినవానికి అమ్మదలచిన సరకేదియు ఆ రాజునొద్ద లేదు. రాజు కోరినది కీర్తి. వర్తకుడు కోరునది శిష్యుని సంచిలోని రూక. కావున మొదటి పోషణను చూపి రెండవదానిని సమర్థించుట కుదరదు.

ఇతరుల తప్పు వెదకుట సులభము గనుక మా సంగతియు చెప్పుకొందము. కొన్నేండ్ల క్రిందట పాఠ్యపుస్తకములకు గైడులు అచ్చువేయు వర్తకుడొకడు మా యింటికి వచ్చి, తన గైడులతోపాటు వానిని పెట్టుకొనుటకు చక్కని పుస్తకముల బీరువాను కానుకగా ఇచ్చిపోయెను. ఆ గైడు చెడ్డది కాదు. దానిని కొనుడని మేమొక్క విద్యార్థితోనైన చెప్పలేదు. ఆ తృప్తి మాకుండెను. సంవత్సరాంతమున రైసుమిల్లు కూలివాని కుమారుడొకడు పాఠమైన పిదప నిలిచిపోయి, “మాస్టారూ, గైడు లేకుండ ఈ పాఠము చదువుకొనుట కుదరదాండీ?” అని అడిగెను. మేము కుదురునని చెప్పబోయి ఆగితిమి. ఆ యేడు మేమిచ్చిన ప్రశ్నలన్నియు గైడులోని వరుసనే ఇచ్చియుంటిమి. చేతికి దగ్గరగా నున్నందున దానినే తెఱచుచుంటిమి. అది లేని పిల్లవాడొకడు తరగతిలో ఉన్నాడను తలంపే మాకు రాలేదు. బీరువాను తీసికొనిపొమ్మన్న వర్తకుడు నవ్వి ఊరకుండెను. దాని వెలను పాఠశాల గ్రంథాలయమునకు చెల్లించితిమి. కాని ఆ పిల్లవాడు పోగొట్టుకొన్న సంవత్సరమును ఏ రూపమున చెల్లింపగలము?

చదువున పోవునది ఒక సంవత్సరము. వడ్రంగమున పోవునది వ్రేళ్లు. 1999లో స్టీఫెన్ గాస్ అను అమెరికావాడు, తిరుగుచున్న రంపపుటాకు మాంసమునకు తగిలినంతనే సెకనులో అత్యల్పభాగమున ఆగిపోవు ఉపాయమును కనిపెట్టెను. పెద్ద కంపెనీలు దానిని గైకొనలేదు. ఆతడు 2003లో, బల్లరంపములన్నిటికి ఇట్టి రక్షణను విధింపవలయునని వినియోగదారుల రక్షణసంఘమునకు అర్జీ పెట్టుకొనెను. వ్యయము పెరుగుననియు, పేటెంటు హక్కులు ఆతని చేతిలోనే యున్నవనియు కంపెనీలు ప్రతివాదము చేసినవి. ఆ వాదమును పూర్తిగా త్రోసివేయలేము. అప్పుడు విధి వచ్చియుండినచో గాసునకును లాభము కలిగెడిది. ఇట్టి సమయమున శిష్యుడు గురువు వంక చూచును. రంపములు చేయువారి సొమ్ముతో బోధించు గురువు ఈ రక్షణ అక్కఱలేదన్నచో పోషకుని మాటయని శంకింతురు. మౌనము వహించిన భయమని శంకింతురు. ఆతడు నిష్కపటియైనను, ఆతని మాట మిక్కిలి అవసరమైన దినముననే దానికి వెల తగ్గిపోవును. కానుకకు గురువు చెల్లించు నిజమైన మూల్యమిదియే.

నేడు టెలివిజనును దాటి, ఎవరికి వారే కెమెరాముందు నిలిచి పని నేర్పుచున్నారు. కానుకగా వచ్చిన సాధనమును కానుకయని చెప్పవలయునని అమెరికాలో 2009లో సవరించిన మార్గదర్శకములును, మన దేశమున 2022లో వెలువడిన నియమములును శాసించుచున్నవి. ఇది అవసరమే, కాని చాలదు. ‘నేను చెప్పితిని, ఇక నీ జాగ్రత్త నీది’ యనుట బరువును శిష్యుని నెత్తికెత్తుట యగును. దేనిని శంకింపవలయునో తెలియనివాడే గదా శిష్యుడు!

కావున బోధకుని ధర్మము మూడు విధములని మా యభిప్రాయము. పుచ్చుకొన్నది దాచకుండుట మొదటిది. సాధ్యమైనంతవఱకు, శిష్యుని కొనుగోలువలన లాభము లేనివాని సాయమునే కోరుట రెండవది. కానుకగా వచ్చిన సాధనముతో ఏ పని చూపినను, అది లేనివాడు అదే పనిని ఎట్లు చేయవలయునో వెంటనే చూపుట మూడవది. మొదటి రెంటిని చట్టమో సంస్థయో చేయింపవచ్చును. మూడవదానిని గురువు మనస్సు తప్ప మఱెవరును చేయింపలేరు.

ఈ మూడవదే పరీక్ష. యంత్రమును ప్రక్కకు నెట్టి, చేతిరంపము తీసికొని, ‘నాయనా, నీయొద్ద ఇదియొకటే యున్నచో ఇట్లు కోయుము’ అని చూపిన గురువు ఎవరి సొమ్ము తిన్నను శిష్యునివాడే. అట్లు చూపుటకు ఆతని చేయి వెనుదీసినయెడల, ఆతని నోట ఒక్క అసత్యము రాకున్నను, ఆతడు అప్పటికే మఱియొకని కొలువున చేరినవాడు.