గీత ఎవరిది?

బొమ్మ కింద సంతకం చెరిపేసినా గీసినవాడెవరో తెలిసిపోవాలంటారు. బాపు గీత, చంద్ర గీత, మోహన్ గీత అని పెద్దలు ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా చెప్తుంటే వింటూ పెరిగాను. 27 ఏళ్లుగా కార్టూన్లు వేస్తున్నాను. ఏ పత్రికలోనూ జీతానికి చేయలేదు. వారపత్రికలు ఉన్నన్నాళ్లూ పోస్టులో పంపాను. అవి ఒక్కొక్కటే ఆగిపోయాక నా బొమ్మలు నేనే అచ్చు వేయించుకుంటున్నాను. ఇన్నేళ్లకీ ఇదీ నా గీత అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండుమూడేళ్లకో తీరు మార్చాను. అది వెతుకులాటో, నిలకడలేనితనమో తేల్చుకోలేక ఈమధ్య రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

మా తరంలో చాలామందిలాగే నేనూ బాపు దగ్గరే మొదలుపెట్టాను. 1933లో నరసాపురంలో పుట్టిన ఆయన తెలుగువాళ్ల కళ్లకే ఒక అలవాటు చేసి వెళ్లారు. వాలుజడ అంటే అదే, కుచ్చిళ్లు అంటే అవే. ఆఖరికి శుభలేఖ మీద అక్షరం కూడా ఆయన చేతిరాతే. ఇరవై ఏళ్ల వయసులో బుడుగు బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గీత ఎక్కడ లావెక్కుతోందో, ఎక్కడ సన్నబడుతోందో వేలితో తడుముతూ నేర్చుకున్నాను. బ్రష్షు అలా జారాలంటే మణికట్టు ఒక్కటే చాలదు, మోచెయ్యి కూడా కదలాలి. ఆ సంగతి తెలియడానికి రెండేళ్లు పట్టింది. తెలిశాక నా బొమ్మల్లో నేను కనపడకుండా పోయాను. ఒక సంపాదకుడు నా కార్టూన్లు తిప్పి పంపుతూ కవరు మీద ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: ‘మాకు బాపుగారు ఉన్నారు.’ ఆయన రాసినదాంట్లో తప్పేమీ లేదు.

బ్రష్షు వదిలేశాను. హెర్జే టిన్‌టిన్ బొమ్మల్లోలా లావూ సన్నమూ లేని ఒకే మందం గీత కోసం రోట్రింగ్ పెన్నుతో మూడేళ్లు కూర్చున్నాను. ఆ తర్వాత కొబ్బరీనెను చివర కాస్త నలిపి ఇండియన్ ఇంకులో ముంచి వేశాను. నాలుగంగుళాలు వెళ్లేసరికి ఈనెలో ఇంకు అయిపోతుంది. గీత పొడిబారి, చివర్లో రెండు మూడు పాయలుగా చీలుతుంది. ఆ చీలిక కోసమే ముసలివాళ్ల బొమ్మలన్నీ ఈనెతో వేశాను. ఆ తర్వాత ఐప్యాడ్ వచ్చింది. అందులో బొమ్మలేసే ప్రొక్రియేట్ యాప్‌లో స్ట్రీమ్‌లైన్ అని ఒక సదుపాయం ఉంటుంది. దాన్ని పెంచేకొద్దీ చేతిలోని వణుకు తీసేసి గీతను నున్నగా చేసి ఇస్తుంది. మొదటిరోజు దాన్ని పూర్తిగా పెంచి ఒక సున్నా చుట్టాను. చాలా అందంగా వచ్చింది. నేను చుట్టింది మాత్రం అది కాదు.

అప్పుడు చార్ల్స్ షుల్జ్ గుర్తొచ్చాడు. పీనట్స్ స్ట్రిప్పును 1950 అక్టోబరు నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు సహాయకులు లేకుండా ఒంటిచేత్తో గీసిన మనిషి. 1981లో గుండె ఆపరేషన్ అయ్యాక ఆ చెయ్యి వణకసాగింది. చివరి ఏళ్ల బొమ్మల్లో చార్లీ బ్రౌన్ గుండ్రటి తల కూడా సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఆయన కోరుకున్నది కాదు. అయినా దాన్ని చూడగానే షుల్జ్ అని గుర్తుపడతాం. మరి గీత అనేది సాధించుకున్నదా, వదిలించుకోలేకపోయినదా? వదిలించుకోలేనిదే అయితే దానికి ఇంత మర్యాద దేనికి? మోకాళ్ల నొప్పులతో నడిచే మనిషి నడకను ఎవరూ శైలి అనరు.

ఇక్కడిదాకా వచ్చాక నా వాదన నాకే అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే ఆ వణికే గీత నాకు ప్రాణం. అది లేని షుల్జ్‌కన్నా అది ఉన్న షుల్జే నాకు దగ్గరివాడు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

పోయిన నెల కొత్త పుస్తకం పని మొదలైంది. అన్ని తీరుల్లోంచీ ఏరి రెండువందల బొమ్మలు విజయవాడలో డీటీపీ చేసే కుర్రాడికి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు.

“సార్, అట్ట మీదకి పెన్ను పట్టుకున్న చెయ్యి ఒకటి కట్ చేసి పెడదామనుకున్నానండీ. మొత్తం వెతికాను. మీ బొమ్మల్లో చెయ్యి దొరకట్లేదు.”

అసలు బొమ్మలన్నీ తీసి నేల మీద పరిచాను. బ్రష్షువి, రోట్రింగువి, ఈనెవి, ఐప్యాడ్ ప్రింట్లు. అతను చెప్పింది నిజమే. చేతులు జేబుల్లో ఉన్నాయి, వెనక్కి కట్టుకుని ఉన్నాయి, కండువా కింద, పేపరు చాటున, బల్ల కింద ఉన్నాయి. టీకొట్టు బొమ్మల్లో కూడా గ్లాసు బల్ల మీదే ఉంది. ఒక్కడూ దాన్ని ఎత్తి తాగడం లేదు.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో ట్రెడిల్ మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం క్యారేజీ పట్టుకెళ్లి గుమ్మంలో కూర్చునేవాణ్ణి. నాన్న కాలితో తొక్కుతుంటే పెద్ద చక్రం తిరిగేది, మిషను నోరు తెరిచేది. తెరిచిన ఆ రెప్పపాటులో కుడిచెయ్యి తెల్లకాగితం లోపల పెట్టాలి, ఎడమచెయ్యి అచ్చయిన కాగితం లాగాలి, మూసుకునేలోపు రెండూ బయటికొచ్చేయాలి. గంటకి వెయ్యిసార్లు. శుభలేఖలు, బిల్లుపుస్తకాలు, కరపత్రాలు. సిరా వాసన, టైపు కడిగిన కిరసనాయిలు వాసన కలిసి గదంతా ఉండేవి. పాడైన కాగితాలు నాకిచ్చేవాడు. నా తొలి బొమ్మలన్నీ ఎవరెవరి పెళ్లిపిలుపుల వెనకో వేసినవే. ప్రతి కాగితం అంచునా నాన్న బొటనవేలి నల్లముద్ర ఉండేది. నేను దానికి కళ్లూ ముక్కూ పెట్టి మనిషి తల చేసేవాణ్ణి.

1989 ఎన్నికల రోజుల్లో, నాకు పదకొండేళ్లప్పుడు, మూడు రాత్రులు వరసగా కరపత్రాలు వేస్తూ నాన్న కుడిచేతి చూపుడువేలు పోగొట్టుకున్నాడు. మొదలంటా పోయింది. ప్రెస్సు యజమాని ఆసుపత్రి ఖర్చు ఇచ్చి ఊరుకున్నాడు. నెలన్నర తిరిగేసరికి నాన్న మళ్లీ అదే మిషను ముందు నిలబడ్డాడు, కాగితాన్ని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుని. మిషను దగ్గర ఆ చెయ్యి దాచేవాడు కాదు. దాచిందల్లా బయట. పెళ్లిళ్లలో కండువా కింద, బస్సులో జేబులో, ఫొటోల్లో వీపు వెనక.

ఈ జ్ఞాపకంతో నా ప్రశ్నకి జవాబు దొరికిందని రాయాలని ఉంది. రాయలేను. చేతులు గీయడం ఎవరికైనా కష్టమే. నేర్చుకునే వయసులో ఆ కష్టాన్ని తప్పించుకుని ఉంటాను, తప్పించుకోవడమే అలవాటై ఉంటుంది. ఇప్పుడు దానికి నాన్నని కారణంగా చెప్తే, నా చేతకానితనానికి ఆయన గాయాన్ని కప్పినట్టవుతుంది. ఈ అనుమానం నన్ను వదలడం లేదు, వదలకూడదు కూడా.

కానీ కార్టూన్‌లో చేతికి నాలుగు వేళ్లు చాలు. మిక్కీ మౌస్‌కి ఉన్నవి నాలుగే. ఐదోది పెడితే ఆ చిన్న చెయ్యి అరటిహస్తంలా కిక్కిరిసిపోతుంది. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. అందరూ ఊహించుకుని వేసే ఆ నాలుగువేళ్ల చేతిని నేను పదకొండో ఏటినుంచీ రోజూ చూశాను. కంచంలో అన్నం కలుపుతుంటే చూశాను, నా జ్వరం చూస్తూ నుదుటి మీద ఆనితే చూశాను. ఎవరికి రాకపోయినా నాకు రావాల్సిన చెయ్యి అది.

మొన్న రాత్రి అట్టబొమ్మకని కూర్చున్నాను. ఏ పనిముట్టు తీయాలో చాలాసేపు తోచలేదు. చివరికి మామూలు పెన్సిలు తీసుకున్నాను. కుర్రాడు అడిగింది పెన్ను పట్టుకున్న చెయ్యి. నాకు వచ్చింది కాగితం పట్టుకున్న చెయ్యి. కాగితం మీద బొటనవేలు, దాని కింద మధ్యవేలు, మిగతా రెండూ కొంచెం లోపలికి మడిచి. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ ఉండాల్సినదానికన్నా ఎక్కువ జాగా. గీత అక్కడక్కడ తడబడింది. నేను దిద్దలేదు. అది బాపుది కాదు, హెర్జేది కాదు. నాదని అనడానికీ ధైర్యం చాలలేదు, ఆ గీతను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఫొటో తీసి పంపాను. పొద్దున్నే కుర్రాడు ఫోన్ చేశాడు.

“బాగుంది సార్. పెన్ను లేకపోయినా పర్లేదండీ. ఆ కాగితం మీద మీ పేరు వెయ్యమంటారా, ఖాళీగా వదిలేద్దామా?”

వదిలెయ్యమన్నాను. వేళ్ల సంగతి అతను అడగలేదు.